సున్నా గీత

కొండపి దాటాక మాలకొండయ్య బ్యారన్ దగ్గర
తెల్లారకముందే జీపు ఆపించాను.
ఐసుపెట్టెలో అరవై గొట్టాలు,
ఒక్కోదానికీ ఒక అంకె. పేర్లు రాయకూడదు.
మాఘమాసపు మంచు ఇంకా ఆకు మీదే ఉంది.
రెలుపులకొచ్చిన ఆడవాళ్లు
ఎగదోపిన చీరల మీద
మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కుంటున్నారు.

పుస్తకంలో ఇది ఒక్క వాక్యం:
నికోటిన్ నీళ్లలో కరుగుతుంది, చర్మం దాటుతుంది.
ఇక్కడ అది
యలమందమ్మ చంకలో ఇరికిన తడి ఆకుల మోపు,
మోచేతి నుంచి తుంటి దాకా చారలు కట్టిన పసరు,
రాత్రి కూటి ముందు కూర్చుంటే
తిరగలిలా తిరిగే ఇల్లు.

వాళ్లు దాన్ని ఆకు తిప్పుడు అంటారు.
ఒక డాక్టరు ఎండదెబ్బ అని రాశాడు, జనవరిలో.
ఇంకొకాయన గ్యాసన్నాడు.
యలమందమ్మ అత్త మటుకు
చింతపండు చారు తాగించి
గోడవైపు తిప్పి పడుకోబెట్టేదట.
నా ఫారంలో దీనికి గడి లేదు,
అంచున రాసుకున్నాను.

వేలిముద్ర కావాలన్నాను.
సిరాపెట్టె తెరిచేలోపే బొటనవేలు ఆనించింది.
ఆకు బంకతోనే పడింది ముద్ర,
గీత గీతా విడిగా, సిరాకన్నా నల్లగా.
"ఉమ్మేదానిక్కూడా సంతకమా?"
అని నవ్వి దూదిని బుగ్గన పెట్టుకుంది,
తాంబూలం పెట్టుకున్నట్టు.

ఒంగోల్లో, కాలేజీ మూడో అంతస్తులో,
కరెంటు పోని రాత్రుల్లో యంత్రం గీతలు గీస్తుంది.
పదిహేడో నంబరు దగ్గర గీత కొండెక్కింది.
చూసినవాళ్లెవరైనా
రోజుకి అరకట్ట చుట్టలు తాగే మనిషంటారు.
యలమందమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు.
ముట్టేది ఆమె మొగుడు దీనయ్య.
అదే చేలో, అదే మంచులో అతనికి వాంతుల్లేవు.
నరం చివర ఒక తాళం ఉంటుంది,
నికోటిన్ దానికి మారుతాళంచెవి.
తిప్పీ తిప్పీ అరిగిన తాళం
ఇక చప్పుడు చేయదు.

ఫిబ్రవరిలో తొడుగులు తీసుకెళ్లాను.
అర సాలు రెలిచి తీసేసింది.
"మాగిందో లేదో చేతికి తెలవొద్దా అమ్మా?
ఈనె టప్పుమనాల.
పచ్చాకు తుంచితే మాలకొండయ్య కూలి తుంచుతాడు."
పోనీ మంచు ఆరాక రెలవకూడదా అన్నాను.
"పొద్దెక్కితే ఆకు వడలుద్ది.
ఇంక అల్లేదెప్పుడు, కర్రలు బ్యారనెక్కించేదెప్పుడు?"
మంచు ఆరాక అని నేను టైపు చేసుకున్న రెండు మాటల్లో
వేలం కేంద్రం తేదీలు,
మాలకొండయ్య బ్యాంకు అప్పు,
ఆరుగురు ఆడవాళ్ల మధ్యాహ్నాలు ఉన్నాయని
నాకెవరూ చెప్పలేదు.

పోల్చి చూడ్డానికి ఆకు తాకనివాళ్లు కావాలి.
టైపిస్టు హమీదా, లైబ్రరీ గుమాస్తా,
ఇంకో ఏడుగురు, చివరికి నేను.
నా నంబరు అరవై.
మొదటి వారం నా గీత చదును,
గచ్చు మీద నీళ్లు నిలిచినట్టు.
మిగతా కొండలన్నిటినీ
ఆ సున్నా మీంచే కొలిచాను.

నాలుగో వారం దాని మీద చిన్న గూని.
గొట్టాలు మళ్లీ కడిగాను. ద్రావకం మార్చాను.
హమీదాని అనుమానించాను, తర్వాత యంత్రాన్ని.
గూని పోలేదు.
అప్పుడు గుర్తొచ్చింది:
ముందురోజు యలమందమ్మ చంకలోంచి మోపు జారితే
రెండు చేతులూ చాపి పట్టుకున్నాను.
భుజాల దాకా తడిసింది.
ఆ రాత్రి అన్నం సయించలేదు,
బస్సులో డీజిల్ వాసన అనుకున్నాను.

సున్నాల పట్టికలోంచి అరవైని కొట్టేశాను.
కూలీల పట్టికలో చేర్చబోతే సిగ్గేసింది,
ఒక్క మోపుకి.
ఆ నంబరు ఏ కాగితం మీదా లేదిప్పుడు.

మరుసటి వారం చేలో ఈ సంగతి చెప్పాను.
నడుం ఎత్తకుండానే వింది.
"గోడవైపు తిరిగి పడుకున్నావా?" అనడిగింది.
లేదన్నాను.
"అదీ మరి," అంది.
ఈనె టప్పుమంది.